స్టాంపు కాగితానికి టెస్ట్ పేజీ ఉండదు

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రిటైరయ్యేదాకా నేను ప్రింటర్లే బాగుచేశాను. కంప్యూటర్లు చూసేవాడికి ఉన్న మర్యాద ప్రింటర్లు చూసేవాడికి ఎప్పుడూ లేదు. టేబుల్ ముందు కుర్చీలో కూర్చుని మౌసు కదిలించేవాడు ఇంజనీరు. టేబుల్ కింద దూరి కేబులు లాగేవాడు మెకానిక్. మా మామగారు పోయేదాకా నన్ను చుట్టాలకు "మా అల్లుడు, ఏదో అచ్చు మిషన్ల కంపెనీ" అనే పరిచయం చేశారు. ఆయన్ని ఏమీ అనలేదు గాని, నాకు మాత్రం నా పని మీద గర్వం ఉండేది. ఇప్పుడూ ఉంది. వయసొచ్చాక దాచుకోవడం దేనికి?

ఈ లైన్లోకి కొత్తగా వస్తున్నవాళ్లు చదువుకుంటారని ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. అవి వచ్చినవాళ్లకు వచ్చాయి, రానివాళ్లకు రాలేదు. రిపోర్టులు నింపడం ఎలాగో మీ ఆఫీసులో చెబుతారు. చెప్పనివి రెండు మూడు ఉన్నాయి, అవి చెబుతాను.

మాది తెనాలి పక్క పల్లె. ఉద్యోగానికని వచ్చి హైదరాబాద్ ఉత్తరపు శివారు కౌకూర్‌లో ఇల్లు కట్టుకున్నాను. తొంభైల్లో మా కంపెనీ హైదరాబాద్‌ను ముక్కలు చేసి మెకానిక్‌లకు పంచినప్పుడు సీనియర్లు అబిడ్స్, సికింద్రాబాద్ తీసుకున్నారు. అక్కడ ఏసీ ఆఫీసులు, మంచి టీ. మేడ్చల్, శామీర్‌పేట ఎవరికీ వద్దు. "నీకు ఇల్లు దగ్గర కదయ్యా" అని నాకు అంటగట్టారు. స్కూటరు, భుజాన సంచీ, రెండు స్క్రూడ్రైవర్లు, ఒక బ్రష్షు, ఒక గుడ్డ. దాణా మిల్లులు, కోళ్ల ఫారాలు, గోడౌన్లు, దస్తావేజులు రాసేవాళ్ల దుకాణాలు, ఇవీ నా కస్టమర్లు. అందరి దగ్గరా ఉండేది ఒకటే రకం మిషను, డాట్ మాట్రిక్స్ ప్రింటరు. రిబ్బను మీద సన్నటి సూదులతో పొడిచి అక్షరం వేసేది. అది పనిచేస్తుంటే పక్కన మనిషి మాట వినబడదు.

శుక్రవారం బొట్టు

మొదటి పాఠం మా మేనేజర్ రామనాథం గారి దగ్గర నేర్చుకున్నాను. నోటి దురుసు మనిషి. పది మందిలో తిట్టేవారు, ఒంటరిగా ఉన్నప్పుడు టీ ఇప్పించేవారు. బాసుల్లో ఇంతకన్నా మంచివాళ్లు నాకు తగల్లేదు.

మేడ్చల్‌లో ఒక దాణా మిల్లు ఉండేది. అక్కడి ప్రింటరు నిండా కాగితం పెట్టినా "కాగితం లేదు" అని ఎర్ర లైటు వెలిగించి కూర్చునేది. కాగితం ఉందో లేదో కనిపెట్టే చిన్న కన్నులాంటి సెన్సర్ ఒకటి లోపల ఉంటుంది. అది పోయిందని మార్చాను. వారానికి మళ్లీ ఫోను. మళ్లీ మార్చాను. మూడోసారి రామనాథం గారు నా వెనకాల స్కూటరెక్కి వచ్చారు. ప్రింటరు వైపు కన్నెత్తి చూడలేదు. గుమాస్తా యాదగిరిని పక్కన కూర్చోబెట్టుకుని ఒకటే అడిగారు.

"ఏ రోజు ఆగుతుందయ్యా ఇది?"

యాదగిరి వేళ్లు లెక్కపెట్టుకున్నాడు. "ఎన్నడైనా శనివారం పొద్దుగాలనే సార్. గిప్పుడు మీరు అడిగితే యాదికొస్తాంది."

"మరి శుక్రవారం ఏం చేస్తారు దీనికి?"

"ఏం జేస్తం సార్, తుడుస్తం, బొట్టు వెడతం. లచ్చిమి గద, లోడు బిల్లులన్నీ దీంట్లకెంచే వస్తయి."

మూత తీసి, సూదులుండే చోట, సరిగ్గా ఆ కన్ను పైన, నిండుగా కుంకుమ పెడుతున్నాడు. రాత్రికి అది ఆరి రాలి కంట్లో పడేది. నేను రెండు సెన్సర్లు మార్చాను గాని, లోపల ఎరుపు ఎక్కడిదని ఒక్కసారి అనుకోలేదు. రిబ్బను రంగేమో అనుకున్నాను. నల్ల రిబ్బనుకు ఎర్ర రంగు ఎలా వస్తుందని రామనాథం గారు మిల్లు వాళ్లందరి ముందూ అడిగారు. తలెత్తుకోలేకపోయాను.

బొట్టు పెట్టొద్దని మాత్రం ఆయన యాదగిరికి చెప్పలేదు. "మూత మీద పెట్టవయ్యా, ముఖానికి పెడతారు గాని కంట్లో పెడతారా?" అన్నారు. ఆ ప్రింటరు ఆ తర్వాత చాలా ఏళ్లు మూత మీద బొట్టుతో పనిచేసింది. మిషను ఏమైందని అడిగే ముందు, మనుషులు దాంతో ఎలా బతుకుతున్నారో అడగాలని అప్పుడు తెలిసింది.

మూతి లేని ల్యాప్‌టాపు

రెండువేలు దాటాక ఒకటొకటిగా ల్యాప్‌టాపులు వచ్చాయి. పాత ప్రింటరు కేబులుకు అరచేతి వెడల్పు మూతి, దాన్నిండా పిన్నులు. పాత కంప్యూటర్ల వెనక అది దూరే చోటు ఉండేది. కొత్త ల్యాప్‌టాపుకు ఎటు తిప్పి చూసినా సన్నటి యూఎస్‌బీ సందులు తప్ప ఏమీ ఉండవు. ఒకవైపు సన్న మూతి, ఒకవైపు వెడల్పు మూతి ఉన్న మార్పిడి కేబులు ఒకటి దుకాణాల్లో దొరికేది. అది తగిలిస్తే చాలు, అయిపోయిందని అందరూ అనుకునేవాళ్లు. కేబులు తగిలించడం పరిచయం చేయడం లాంటిది. మాట కలపాలంటే డ్రైవర్ కావాలి, అంటే ప్రింటరు భాష ల్యాప్‌టాపుకు అర్థమయ్యేలా చెప్పే చిన్న ప్రోగ్రాము. పాత ప్రింటర్లలో చాలావాటి పేర్లు కొత్త ల్యాప్‌టాపుల జాబితాలో ఉండేవి కావు. అప్పుడు అదే కుటుంబంలోని మరో మోడల్ పేరు పెట్టి నమ్మించాలి. అన్న డ్రైవర్‌తో తమ్ముణ్ణి నడిపించడమన్నమాట. అక్కడే మెకానిక్ పనితనం బయటపడేది.

దుకాణాల వాళ్లకు ఇంత ఓపిక లేదు. "ఆ డొక్కు పారేసి ఇంకు ప్రింటరు కొనండి" అనేవాళ్లు. కొత్తొక వింత, పాతొక రోత. మేడ్చల్ గోడౌన్‌లో మూడు కార్బన్ కాపీలు ఒక్క దెబ్బకు పడాలంటే సూదులతో పొడిచే ప్రింటరే కావాలని వాళ్లకు తెలియదు, తెలుసుకోరు. ఏ ప్రింటరైనా సరే, నడుస్తున్న దాన్ని పారేయమని చెప్పేవాడు నా దృష్టిలో మెకానిక్ కాదు, అమ్మకందారు. అలాంటివాళ్లు నా లైన్లోనే బోలెడుమంది ఉండేవాళ్లు. నేను ఎన్ని పాత ప్రింటర్లకు కొత్త ల్యాప్‌టాపులతో పొత్తు కుదిర్చానో లెక్కలేదు. శామీర్‌పేట రోడ్డున నా పేరు తెలియదు గాని, "ప్రింటర్ సార్" అంటే తెలిసేది. ఆ పేరుతోనే ఒకరోజు గౌస్ సాబ్ ఫోను చేశారు.

గౌస్ సాబ్

గౌస్ సాబ్ శామీర్‌పేటలో దస్తావేజులు రాసేవారు. కరీంనగర్ రోడ్డు మీద చిన్న రేకుల దుకాణం. ఇంట్లో దక్కనీ ఉర్దూ, దుకాణంలో తెలుగు. చేత్తో రాసే రోజుల్లో ఆయన తెలుగు అక్షరాలు చూడ్డానికి జనం ఆగేవాళ్లట. కళ్లు మందగించాక కంప్యూటరుకు మారారు. కూతురు షాహీన్ టైపు చేసేది. నన్ను ఆటపట్టించడం ఆయనకు సరదా. "మీ ఆంధ్రోళ్లు అండీ అండీ అని ప్రింటర్‌ను గూడ బతిమిలాడతరు సార్, అందుకే అది మీ మాట ఇంటది" అనేవారు.

"సార్, ఉరుముల వానకు పాత కంప్యూటర్ కాలింది. బిడ్డ ల్యాప్‌టాప్ కొనిచ్చింది. ప్రింటర్ వైరు వెడదామంటే దానికి మూతే లేదు. రేపు మస్తు పెద్ద పని వడ్డది. జల్దీ రావాలె" అన్నారు ఫోనులో.

ఆ పెద్ద పని ఏమిటో నాకు తర్వాత తెలిసింది. లాల్‌గడి మలక్‌పేట్‌లో మల్లయ్య అనే రైతు పోయాడు. పెద్దకొడుకు సాయిలు, చిన్నకొడుకు కిష్టయ్య. తండ్రి పోయిన నాటి నుంచి గట్టు తగాదాతో ఇద్దరికీ మాటల్లేవు. చెల్లెలు బాలమణికి భర్త లేడు, పక్క ఊళ్లో అద్దె గదిలో ఉంటుంది. తండ్రి భూమిలో తనకు వచ్చే ముక్కలో రెండు గదులు వేసుకోవాలని ఆమె ఆశ. చుట్టూ లేఔట్ల వాళ్లు గొలుసులు పట్టుకుని కొలుస్తున్నారు. పంపకం కాగితం కాకముందే అన్నల్లో ఎవరు అమ్ముకున్నా ఆమె నోట్లో మట్టే. గౌస్ సాబ్ మూడు నెలలు ఈ ఇంటికీ ఆ ఇంటికీ తిరిగి, ఒకరి మాట ఒకరికి మెత్తగా చేసి చెప్పి, అన్నదమ్ములిద్దరినీ ఒకే రోజుకు ఒప్పించారు. ఆమె పేరున స్టాంపు కాగితాలు కూడా కొన్నారు.

ఇంకు ప్రింటరు ఎందుకు కొనలేదని నేను అడిగినప్పుడు ఆయన చెప్పిన జవాబు నాకు నచ్చింది. "భూమి కాగితం సార్. మనమల మనమలు సూడాలె. సుక్క నీళ్లు వడితే కారిపోయే సిరా నాకొద్దు."

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. మార్పిడి కేబులు తగిలించాను. ఆయన మోడల్ జాబితాలో లేదు, అన్న మోడల్ డ్రైవర్ పెట్టాను. మామూలు తెల్ల కాగితం మీద టెస్ట్ పేజీ వేశాను. అక్షరాలు ముత్యాల్లా పడ్డాయి. షాహీన్ చప్పట్లు కొట్టింది. "అయిపోయింది సాబ్, ఇక మీ ఇష్టం" అని సంచీ భుజాన వేసుకున్నాను. మేడ్చల్‌లో ఇంకో కాల్ ఉంది. దారిపొడవునా నా తెలివికి నేనే మురిసిపోతూ వెళ్లాను.

మళ్ల సూద్దాం

మేడ్చల్‌లో ప్రింటరు మూత విప్పి ఉండగా షాహీన్ ఫోను.

"అంకుల్, మొదటి స్టాంపు కాగితం కరాబైంది. అక్షరాలు స్టాంపు బొమ్మ మీద వడ్డయి. పెద్దాయన లేసిపోతానంటుండు. అబ్బాను తిడుతుండు."

స్టాంపు కాగితం మామూలు కాగితం కన్నా పొడవు. పై సగంలో సర్కారు ముద్ర బొమ్మ ఉంటుంది, రాత దాని కింద మొదలవ్వాలి. నేను పెట్టిన అన్న డ్రైవర్‌కు ఆ పొడవు తెలియదు. కాగితం పొట్టిదే అనుకుని, తేడా అంతా పైనుంచి కోసేసింది. సగం కింద మొదలవ్వాల్సిన వరసలు పోయి బొమ్మ మీదికి ఎక్కాయి. పొడవు కాగితం ఒక్కటి పెట్టి చూసి ఉంటే పొద్దున్నే తెలిసేది. నేను పొట్టి కాగితం పెట్టి, ముత్యాల్లాంటి అక్షరాలు చూసుకుని వచ్చేశాను.

విప్పిన మూత విప్పినట్టే వదిలి స్కూటరెక్కాను. ఆ కస్టమరు కంపెనీకి ఫిర్యాదు చేశాడు, చేయాల్సిందే.

నేను వెళ్లేసరికి దుకాణం ముందు నలుగురైదుగురు గుమికూడారు. బాలమణి మెట్టు మీద కూర్చుని కొంగు చివర మెలితిప్పుతోంది. కిష్టయ్య దూరంగా రోడ్డు చూస్తున్నాడు. సాయిలు చెప్పులేసుకుని నిలబడి ఉన్నాడు.

"మూడు నెలలు తిప్పుకున్నవు సాబ్. మంచిగనే ఉన్న మిషిన్, సంతకం నాడే కరాబైతదా? కిష్టిగాడు ఏమన్న జెప్పిండా నీకు? ఇయ్యాల ఆపితే వానికేదో లాభమున్నట్టున్నది."

కిష్టయ్య గిర్రున తిరిగాడు గాని నోరు విప్పలేదు. మాటలు లేవు కదా. గౌస్ సాబ్ చేతులు రెండూ టేబుల్ మీద పెట్టుకుని అలాగే కూర్చున్నారు. ముప్పై ఏళ్లుగా ఆ రోడ్డున ఆయన రాసిన కాగితాన్ని ఎవరూ వేలెత్తి చూపలేదు.

"ఇగ ఇయ్యాలటికి వద్దు. మళ్ల సూద్దాం" అన్నాడు సాయిలు.

భూమి పనుల్లో "మళ్ల సూద్దాం" అంటే ఇక జరగదనేనని ఆ పక్క వాళ్లందరికీ తెలుసు. బాలమణి తల దించేసుకుంది. కేబులు తప్పనో, ల్యాప్‌టాపు కొత్తదనో, కరెంటు తేడా అనో చెప్పొచ్చు. మా లైన్లో అలాంటి నెపాలు డజను ఉంటాయి, నేనూ ఎన్నోసార్లు వాడాను. గౌస్ సాబ్ ముఖం చూశాక ఒక్కటీ నోటికి రాలేదు.

"ఆయన తప్పు లేదండి" అన్నాను. "మీ తమ్ముడిదీ లేదు. పొద్దున ఈ ప్రింటరు బిగించింది నేను. పొడవు కాగితం పెట్టి చూడకుండానే అయిపోయిందని చెప్పి పోయాను. తప్పు నాది."

సాయిలు నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "నువ్వెవలు?"

"ప్రింటర్ మెకానిక్‌నండి."

నన్ను నేను మెకానిక్ అని చెప్పుకోవడం అదే మొదటిసారి. ఆయన చెప్పులు విడిచి బెంచీ మీద కూర్చున్నాడు.

"ఎంతసేపైతది?"

"అరగంట."

"కూసుంట. అరగంట దాటితే లేస్త."

ఎండకు పట్టి

ఆ డ్రైవర్‌లో స్టాంపు కాగితం కొలత లేదు. ప్రింటరు సెట్టింగుల్లో ఒక మారుమూల, కొత్త కొలతను మనమే రాసి పేరు పెట్టి దాచుకునే చోటు ఒకటి ఉంటుంది. స్కేలుతో కాగితం కొలిచి అక్కడ రాశాను. తొందరలో ఒక అంకె రెండుసార్లు తప్పు కొట్టాను. ఈలోగా షాహీన్ బాలమణిని తీసుకెళ్లి చెడినదాని బదులు ఇంకో స్టాంపు కాగితం తెచ్చింది. దాని ఖర్చు నేను పెట్టుకుంటానంటే గౌస్ సాబ్ వద్దనలేదు. అదే న్యాయం.

కొత్త స్టాంపు కాగితం ప్రింటర్లో పెట్టబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆగు సార్. ముందుగాల గంతే పొడవు తెల్లకాగితం మీద కొట్టు. దాని మీద స్టాంపు కాగితం వెట్టి ఎండకు పట్టి సూడాలె. రాత యాడ వడ్డదో, బొమ్మ యాడున్నదో కనబడ్తది. కలంతోని రాసే దినాల నుంచి ఎప్పుడైనా గట్లనే జేస్త."

"మరి పొద్దున ఎందుకు చూడలేదు సాబ్?"

"నువ్వు అయిపోయింది అన్నవు గద సార్" అన్నారు నెమ్మదిగా.

నా ఉద్యోగంలో పడ్డ చీవాట్లన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. నా మీద నమ్మకంతో ఆయన ముప్పై ఏళ్ల అలవాటు పక్కన పెట్టారు. నేను మాత్రం ఆయన అలవాటేమిటో కూడా అడగలేదు.

తెల్లకాగితం వచ్చింది. దాన్నీ స్టాంపు కాగితాన్నీ జతచేసి నేరుగా సాయిలు చేతికిచ్చాను. "మీరే చూసి చెప్పండి. మీరు సరే అంటేనే వేస్తాను" అన్నాను. ఆయన రోడ్డు అంచుకు వెళ్లి ఎండకు పట్టాడు. లారీ పోతే గాలికి పొడవాటి కాగితాలు మడతపడ్డాయి. రెండు చేతులు చాలలేదు. పక్కన ఉన్నది కిష్టయ్య ఒక్కడే. అతను ఒక్క అడుగు వేసి కింది అంచు పట్టుకున్నాడు.

సాయిలు కళ్లు చికిలించి చూశాడు. "జరంత సక్కగ వట్టు" అన్నాడు.

కిష్టయ్య సర్దాడు. "గిట్లనా?"

"ఆఁ, గట్లనే."

గౌస్ సాబ్ నా మోచెయ్యి గట్టిగా నొక్కారు. ఆ ఇద్దరూ మాట్లాడుకున్నారని అక్కడ ఎవరూ పైకి అనలేదు. అంటే ఎక్కడ ఆ మాటలు ఆగిపోతాయోనని అందరికీ భయం. సాయిలు కూడబలుక్కుంటూ చదివాడు. రాత బొమ్మ కింద, ఎక్కడుండాలో అక్కడే ఉంది. "లాల్‌గడి మలక్‌పేట్ కీర్తిశేషులు మల్లయ్య గారి కుమార్తె బాలమణి" దగ్గర ఆగాడు.

మెట్టు మీద నుంచి బాలమణి అంది, "మళ్లొక్కపారి సదువు అన్నా."

ఆయన మళ్లీ చదివాడు. ఈసారి కొంచెం పెద్దగా. తర్వాత కాగితాలు నా చేతికిచ్చి, "కొట్టు సార్" అన్నాడు.

ఒక్కొక్క కాగితం ప్రింటర్లోకి నేనే ఎక్కించాను. ఆ కర్ర్ మనే చప్పుడు నాకు అంత తియ్యగా ఎప్పుడూ వినబడలేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసు టైము దాటకుండానే సంతకాలు, వేలిముద్రలు అయ్యాయి.

ఈ లైన్లోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది కొంచెమే. కస్టమరు నిజంగా వేసే కాగితం వేసి చూడందే "అయిపోయింది" అనొద్దు. ఆ మాట నమ్మి జనం తమ జాగ్రత్త మానేస్తారు. మనకన్నా ముందునుంచి ఆ పని చేస్తున్నవాళ్లను, మీరు రోజూ ఎలా చేస్తారని అడగండి. అడిగితే మన ఇంజనీరుగిరీ తగ్గదు. తప్పు జరిగితే కేబులు మీదికి తొయ్యకండి. కేబులుకు నోరు లేదని ఇన్నేళ్లూ మావాళ్లు దాని మీదే నెట్టారు, నేనూ నెట్టాను.

ఆ సాయంత్రం నేను పనికిరాని పాత కేబులు చుట్టి సంచీలో పెట్టుకుంటుంటే బాలమణి లోపలికి వచ్చింది. బొటనవేలికి ఇంకా వేలిముద్ర సిరా ఉంది. థాంక్స్ చెబుతుందనుకున్నాను. ప్రింటరు నడిపించినందుకు అందరూ చెబుతారు, దానికి నా దగ్గర జవాబు తయారుగా ఉంటుంది.

"సారూ, నువ్వు తప్పు నాది అన్నవు సూడు" అంది. "మా నాయిన వోయిన కాన్నుంచి గా మాట మా ఇంట్ల ఒక్కని నోట రాలే. మా అన్న గా మాటకే కూసున్నడు. మిషిన్ జూసి కూసోలే."

తయారుగా ఉన్న జవాబు పనికిరాలేదు. ఆమె చేతిలో కాగితాల సంచీ తీసుకుని ఆటో దాకా మోసుకెళ్లాను.